కోరింగలో పిట్టలు చూడాలంటే ముందు పోటు వేళ చూడండి

మీరు అడిగింది ఇదీ: అమలాపురం నుంచి పదిమంది, అందులో నలుగురు పిల్లలు, డిసెంబరులో ఒక ఆదివారం కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి అభయారణ్యానికి వెళ్దామనుకుంటున్నారు. క్రితం ఏడాది పదకొండు గంటలకు వెళ్తే చెక్క వంతెన మీద జనం, కాకులు, నాలుగు తెల్లకొంగలు తప్ప ఏమీ కనబడలేదు. ఈసారి ఎన్నింటికి వెళ్ళాలి, బైనాక్యులర్ ఏది కొనాలి, పడవ ఎక్కాలా వద్దా?

ఎన్నింటికి అన్నదానికి ఒక్క అంకెలో జవాబు లేదండీ. మామూలు అడవికైతే తెల్లవారేసరికి అక్కడుండండి అని చెప్తే సరిపోతుంది. మడ అడవిలో ఆ లెక్క సగమే పనిచేస్తుంది. ఇక్కడ చాలా పక్షుల తిండి బురదలో ఉంది. బురద బయటపడితే మేస్తాయి, మునిగితే ఎగిరిపోయి ఎక్కడో గట్టు మీద నిద్రపోతాయి. అది పొద్దున్నయినా మధ్యాహ్నమైనా వాటికి ఒకటే. మీరు వెళ్ళిన వేళకు వంతెన కింద నిండా నీళ్ళున్నాయా, బురద కనిపించిందా అన్నది గుర్తు తెచ్చుకోండి. నీళ్ళుంటే పిట్టలు లేకపోవడంలో వింత లేదు.

కాబట్టి తేదీ ఖాయం చేసుకునే ముందే కాకినాడ పేరుతో ఉన్న టైడ్ టేబుల్, అంటే పోటు పాటు వేళల పట్టిక తీయండి. సముద్రపు నీరు ఎక్కడం పోటు, దిగడం పాటు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ్టి పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వారం గడిచేసరికి ఆ ఆలస్యం ఆరు గంటలకు చేరుతుంది. ఈ ఆదివారం పదింటికి పోటు ఉంటే వచ్చే ఆదివారం అదే పదింటికి పాటు ఉంటుందన్నమాట. 'మొన్న ఆదివారం మా వాళ్ళు వెళ్తే వందల పక్షులున్నాయట' అన్న కబురు నమ్మి మరుసటి వారం అదే వేళకు వెళ్ళినవాళ్ళు ఖాళీ చేతులతో రావడానికి కారణం ఇదే. రెండు వారాలు ఆగితే వేళలు మళ్ళీ దాదాపు అక్కడికే వస్తాయి.

పోటు ఎత్తు కూడా చూడండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు నీళ్ళు బాగా ఎక్కి బాగా దిగుతాయి. అష్టమి దగ్గర ఎక్కడమూ తక్కువే, దిగడమూ తక్కువే. ఇంకో సంగతి: టేబుల్‌లో ఇచ్చే వేళ రేవుది. పాయల్లో లోపలికి వెళ్ళేకొద్దీ పోటు కాస్త వెనకబడి చేరుతుంది. అరగంట అటూ ఇటూ వదిలిపెట్టుకుని లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. కోరింగ అంటే ఒక చోటు అనుకోకండి. పక్షులు చూసేవాళ్ళకు అది మూడు చోట్లు. మొదటిది మడ అడవి లోపలి సన్న పాయలు, అంటే చొల్లంగిపేట దగ్గర చెక్క వంతెన ఉన్న భాగం. రెండోది బయట కాకినాడ అఖాతం వైపు పరుచుకున్న బురద మేటలు. గౌతమి నుంచి విడివడిన కోరింగ పాయ, గాడేరు ఒండ్రు తెచ్చి పోస్తుంటే, సముద్రం వైపు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పొడుగ్గా అడ్డుపడి అలల్ని ఆపుతుంది. అందుకే ఆ బురద అక్కడ నిలిచింది. మూడోది వెనకాల ఉన్న రొయ్యల చెరువులు, పర్ర భూములు (ఉప్పు నేలలు), వరి పొలాలు. నీరు ఎక్కితే బురద మీది పక్షి చెరువు గట్టుకు వస్తుంది, నీరు దిగితే మళ్ళీ వెళ్తుంది. ఆ రాకపోకల్ని పట్టుకుంటే చాలు, మిగతాదంతా దాన్ని బట్టి నడుస్తుంది.

చెక్క వంతెనకు పాటు వేళ మంచిది. ఖచ్చితంగా చెప్పాలంటే నీరు దిగడం మొదలైన గంటన్నర తర్వాత నుంచి, మళ్ళీ ఎక్కడం మొదలైన గంట వరకు. ఆ సమయంలో పాయల అంచుల్లో బురద కనిపిస్తుంది, దాని మీదకి గుడ్డికొంగ, చిన్న తెల్లకొంగ, ఉల్లంకి పిట్టలు (శాండ్‌పైపర్ జాతి బురద పిట్టలు) దిగుతాయి. లకుముకి పిట్టలు తక్కువ కొమ్మల మీద కూర్చుంటాయి. నల్లతల లకుముకి కోసం ప్రత్యేకంగా చూడండి: తల నల్లగా, మెడ చుట్టూ తెల్లగా, వీపు ఊదా కలిసిన నీలం, పొట్ట నారింజ, ముక్కు ఎరుపు. ఊళ్ళో కరెంటు తీగ మీద కనిపించే బుచ్చిగాడికి తల, పొట్ట గోధుమరంగు, గొంతు తెలుపు. రెండూ అక్కడే దొరుకుతాయి, పిల్లలకు తేడా చూపించడం తేలిక. పక్షి రాని పది నిమిషాల్లో కూడా పిల్లలకు లోటుండదు. బురద మీద గెంతే చేపలు, ఒక్క డెక్క మాత్రం పెద్దగా ఉండి దాన్ని ఊపే పీతలు వంతెన పైనుంచే కనబడతాయి. నీటికుక్కలు కూడా ఈ పాయల్లో తిరుగుతాయి కాబట్టి నీళ్ళ మీద వరసగా కదిలే తలలు కనిపిస్తే కాస్త ఆగండి.

జనం సంగతి. గేటు తెల్లవారుజామున తీయరు, వేళలూ టికెట్టూ మారుతుంటాయి, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. తీసిన మొదటి గంటలో లోపలుండాలి. ఆదివారం పదకొండు దాటితే ఆ వంతెన మీద నడిచేవాళ్ళ చప్పుడుకే పిట్టలు లోపలికి జరిగిపోతాయి. వీలైతే ఆదివారం మానేసి శనివారం పెట్టుకోండి. కార్తీక మాసం ఆదివారాలు వనభోజనాల రద్దీ. ప్రయాణం జనవరికి వాయిదా పడితే పుష్య బహుళ అమావాస్య రోజు మాత్రం వద్దు. అది చొల్లంగి అమావాస్య, సంగమ స్నానాలకు వేలమంది వస్తారు, ఆ రోడ్డు మీద బండి కదలదు.

బురద మేటల దగ్గర లెక్క వేరు. పాటు పూర్తయిన వేళ వెళ్తే, ముఖ్యంగా పౌర్ణమి అమావాస్యల్లో, నీటి అంచు చాలా దూరం వెళ్ళిపోతుంది. పక్షులు ఆ అంచు వెంటే పోతాయి. మీకు కనిపించేవి చుక్కలు. నిండు పోటుకు వెళ్తే బురదే ఉండదు. పోటుకు ముందు రెండు గంటలు, అంటే నీరు ఎక్కుతూ మేతకు వచ్చిన గుంపుల్ని ఒడ్డువైపు నెట్టుకొచ్చే సమయం, అన్నిటికన్నా మంచిది. పోటు దిగడం మొదలైన తొలి గంటన్నర రెండో మంచి సమయం. కదలకుండా ఒకచోట కూర్చుంటే అవే దగ్గరికి వస్తాయి. మీరు వాటి దగ్గరికి నడిస్తే అవి వెళ్ళిపోతాయి.

వెలుతురు గురించి చాలామంది ఆలోచించరు. మన ఒడ్డు నుంచి అఖాతం తూర్పు వైపు. పొద్దున్న అటు చూస్తే సూర్యుడు కళ్ళల్లో ఉంటాడు, ప్రతి పక్షీ నల్లటి నీడలా కనిపిస్తుంది, కాళ్ళ రంగు తెలియదు. కాళ్ళ రంగు తెలియకపోతే ఉల్లంకి పిట్టల్లో సగం గుర్తుపట్టలేరు. మధ్యాహ్నం మూడు తర్వాత వెలుగు మీ వీపు వెనకనుంచి పడుతుంది. అందుకే మేటలకు నా ఓటు ఎప్పుడూ సాయంత్రానికే: నాలుగున్నర, అయిదున్నర మధ్య పోటు పడే రోజు దొరికితే మూడింటికల్లా ఒడ్డున ఉండండి. అలాంటి రోజున చెక్క వంతెనకు పాటు పొద్దున్న పదిన్నర ప్రాంతంలో పడుతుంది కాబట్టి రెండూ ఒకే రోజులో కుదురుతాయి. గేటు తీయగానే వంతెన, మధ్యాహ్నం భోజనం, తర్వాత మేటలు. కాకినాడ ఊరి వైపు కుంభాభిషేకం దగ్గరి మేటలు పక్షులు చూసేవాళ్ళకు ఎప్పటినుంచో తెలిసిన చోటు. అక్కడ కూడా గట్టు మీదే ఉండి చూడాలి, కిందికి దిగకూడదు.

దిగకూడదని ఎందుకంటున్నానంటే, ఆ బురద చూడటానికి ఆరినట్టే ఉండి మోకాలి దాకా లాగేస్తుంది. పిల్లల చెప్పులు అక్కడే ఉండిపోతాయి. అడుగున ఆల్చిప్పలు బ్లేడుల్లా కోస్తాయి, మడ చెట్ల శ్వాసవేర్లు మేకుల్లా నిలబడి ఉంటాయి. చుట్టూ ఉన్న పల్లాల్లోకి వెనకనుంచి నీరు ముందే చేరిపోతుంది, ఒడ్డుకు దారి తెగిన సంగతి ముందువైపు చూస్తున్నవాళ్ళకు తెలియదు. ఇంకొకటి, తిల్ల చెట్టు. ఆకు తుంపినా కొమ్మ విరిచినా పాలు కారుతాయి. ఆ పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, చూపు తాత్కాలికంగా మందగించే ప్రమాదమూ ఉంది. వంతెన పక్కన చేతికందే కొమ్మల్ని పిల్లలు తుంపకుండా బయల్దేరేటప్పుడే చెప్పండి. పడితే వెంటనే మంచినీళ్ళతో కనీసం పావుగంట కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

మీరు వచ్చే దారి కూడా వృథా పోనివ్వకండి. ఎదుర్లంక, యానాం మీదుగా తాళ్ళరేవు దాకా వచ్చే రోడ్డుకు రెండు వైపులా పొలాలు, చెరువులు. ఎదుర్లంక వంతెన మీద మాత్రం బండి ఆపవద్దు. గేటు తీసేలోపు ఉన్న తొలి రెండు గంటలు ఈ పొలాలకు కేటాయించండి. డిసెంబరు చివర, జనవరిలో దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, దమ్ము చేస్తున్న మడి దొరికితే అదృష్టమే. ట్రాక్టరు వెనకాలే తెల్లకొంగలు, నల్ల కంకణాలు, తీతువులు, జిట్టంగులు, వుడ్ శాండ్‌పైపర్లు దిగుతాయి. బురద తిరగబడితే పురుగు పైకి వస్తుంది, అందుకే ఆ గుంపు. తీగల మీద పాలపిట్ట, పసిరిక, పసులపోలిగాడు ఎలాగూ ఉంటాయి. వీటన్నిటికీ పోటుతో పనిలేదు, పొద్దున్నే చాలు.

రొయ్యల చెరువుల్లో నిండుగా ఉన్నవాటి దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. పంట పట్టి నీరు తీసేసిన చెరువు కావాలి. అడుగున అరంగుళం, అంగుళం నీరు మిగిలి బురద మెరుస్తున్న రెండు మూడు రోజులు అది చిన్న పిట్టలతో నిండిపోతుంది: పొడుగు ఎర్రకాళ్ళ స్టిల్ట్‌లు, స్టింట్‌లు, ప్లోవర్లు. పౌర్ణమి పోటుకు మేటలు మునిగినప్పుడు ఇక్కడ గుంపు ఇంకా పెరుగుతుంది. అయితే రైతునో కాపలా మనిషినో అడగకుండా గట్టెక్కవద్దు. ఒక చెరువు దగ్గరి తడి బూట్లతో ఇంకో చెరువు గట్టు మీదకు వెళ్ళవద్దు. రొయ్యలకు సోకే తెల్లమచ్చ వైరస్ భయంతో పీతలకు అడ్డంగా కంచె, పక్షులకు అడ్డంగా తీగలు కట్టుకునే మనుషులు వాళ్ళు. వాళ్ళకు ఎకరాల కొద్దీ పెట్టుబడి నీళ్ళలో ఉంది. రోడ్డు వారనుంచే చూస్తామని చెప్తే ఎవరూ కాదనరు.

గుర్తుపట్టడం. మేటల మీద పదిహేను రకాల బూడిదరంగు పిట్టలు ఒకేసారి కనబడితే కొత్తవాళ్ళు కంగారుపడతారు. ముందు ఎర్రకాళ్ళ ఉల్లంకిని, అంటే రెడ్‌షాంక్‌ను నేర్చుకోండి. ఎక్కువగా దొరుకుతుంది, కాళ్ళు నారింజ ఎరుపు, ఎగిరితే రెక్క వెనక అంచు తెల్లగా మెరుస్తుంది. దాన్ని కొలతగా పెట్టుకుని మిగతావాటిని పెద్దది, సమానం, చిన్నది అని మూడు భాగాలు చేయండి. పెద్దవాటిలో ముక్కు కిందికి వంగి చాలా పొడుగుంటే కర్ల్యూ. వంగినా పొట్టిగా ఉండి తల మీద చారలుంటే వింబ్రెల్. ముక్కు నిటారుగా పొడుగుంటే గాడ్‌విట్: ఎగిరినప్పుడు రెక్కలో వెడల్పైన తెల్ల పట్టీ, నల్ల తోక కనిపిస్తే నల్లతోక గాడ్‌విట్, ఆ పట్టీ లేకుండా ముక్కు కాస్త పైకి తిరిగి ఉంటే చారలతోక గాడ్‌విట్. సమానమైన వాటిలో గ్రీన్‌షాంక్‌కు కాళ్ళు ఆకుపచ్చ, ముక్కు కొద్దిగా పైకి. ఎగురుతూ మూడుసార్లు ఒకే స్థాయిలో కూస్తుంది. చిన్నవాటిలో టెరెక్ శాండ్‌పైపర్‌ను ఎవరూ పొరబడరు, పైకి తిరిగిన ముక్కు, పొట్టి పసుపు కాళ్ళు, పీతల వెంట పరుగు.

రెడ్‌షాంక్ అంతే పొడుగుండి, ఒళ్ళు బొద్దుగా, కాళ్ళు పొట్టిగా, రొమ్ము మీద ముదురు చుక్కలతో గుంపుగా తల దించుకుని బురదలో గుల్లలు తవ్వుతున్న బూడిదరంగు పక్షి కనిపిస్తే దాని మీద అయిదు నిమిషాలు ఎక్కువ పెట్టండి. అది గ్రేట్ నాట్ కావచ్చు. ఈశాన్య సైబీరియాలో గుడ్లు పెట్టే పక్షి, ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఇండియన్ స్కిమ్మర్‌దీ అదే పరిస్థితి. చలికాలంలో కాకినాడ తీరానికి వస్తుంది, ఇసుక తిన్నెల మీద టెర్న్‌లనే నీటిపక్షుల మధ్య గాలికి ఎదురుగా గుంపుగా కూర్చుంటుంది. నారింజ రంగు ముక్కులో కింది భాగం పైదానికన్నా పొడుగు, నల్ల టోపీ, తెల్ల పొట్ట. చూశారంటే మర్చిపోరు. పొరబాటు పడే అవకాశం ఒక్కటే, దూరంనుంచి కాస్పియన్ టెర్న్ ఎర్ర ముక్కు చూసి ఇదే అనుకోవడం. దానికి వీపు లేత బూడిద, స్కిమ్మర్‌కు ముదురు.

శాండ్ ప్లోవర్లలో చిన్నదీ పెద్దదీ విడదీయడానికి మొదటి ఏడాది ప్రయత్నించవద్దు.

సామాను. పదిమందికి పది బైనాక్యులర్లు అక్కర్లేదు, మూడు చాలు, ఒక్కటి మాత్రం మంచిది కొనండి. 8×42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు లెన్స్ వెడల్పు 42 మిల్లీమీటర్లు. 10×42 దూరం దగ్గర చేస్తుందనిపిస్తుంది కానీ చేతి వణుకునూ పెంచుతుంది, చూపు వెడల్పూ తగ్గుతుంది, పడవలో అసలు నిలవదు. పిల్లలకు 8×30 లాంటి తేలికవి. 20×50 అని రాసి చవగ్గా అమ్మేవి వద్దు, స్టాండు లేకుండా పనికిరావు. మేటలకు స్టాండు మీద పెట్టి దూరం చూసే స్కోప్ ఒకటి అద్దెకో అరువుకో దొరికితే మీ రోజంతా మారిపోతుంది. పొద్దెక్కాక బురద మీద వేడిగాలి ఆడటం మొదలవుతుంది కాబట్టి 30 రెట్లు దాటి జూమ్ చేసినా చిత్రం కరిగినట్టే కనిపిస్తుంది. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్‌ల మీద మంచు పడుతుంది, చేరడానికి పావుగంట ముందే ఏసీ ఆపి కారు అద్దాలు దించండి. ఉప్పుగాలి తగిలిన లెన్స్‌ను పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు ఊది, మంచినీటితో తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది, తర్వాత ఆరబెట్టాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, పొడుగు చేతుల మట్టిరంగు చొక్కా, దోమల మందు. తెల్ల చొక్కా, ఎర్ర చొక్కా మేటల దగ్గర వద్దు.

పడవ ఎక్కండి, కానీ నీరు ఎక్కుతున్నప్పుడు. పాటు దిగుతుండగా మేటకు తగిలి ఆగిన పడవ మళ్ళీ నీరు వచ్చేదాకా గంటల తరబడి అక్కడే ఉంటుంది. ఎక్కే నీటిలో ఆగితే పావుగంటలో తేలుతుంది. అటవీశాఖ అనుమతి ఉన్న పడవే తీసుకోండి, పిల్లలకు సరిపడే లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో డబ్బు కట్టేముందు చూడండి. పక్షి కనిపించిన చోటికి అరవై, డెబ్భై మీటర్ల ముందే ఇంజను ఆపి గెడతో నెట్టమని సరంగును మొదటే అడగండి. చాలామంది సంతోషంగా చేస్తారు, పక్షులెక్కడుంటాయో వాళ్ళకే బాగా తెలుసు కూడా. గంట, గంటన్నర చాలు. హోప్ ఐలాండ్ దాకా మాత్రం ఈసారి వద్దంటాను. చిన్నపిల్లలతో మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక తిరుగు ప్రయాణం కష్టంగా ఉంటుంది, రోజులో సగం దానికే పోతుంది.

నిండు పోటు వేళ గట్టు మీదో తిన్నె మీదో ఒంటికాలిపై నిద్రపోతున్న గుంపు దొరికితే ఫోటో కోసం దగ్గరికి వెళ్ళకండి. ఒక్కసారి లేపితే అంత గుంపూ గాలిలో తిరిగి వేరే చోటు వెతుక్కోవాలి. ఏప్రిల్లో వేల కిలోమీటర్లు ఎగరాల్సిన పక్షికి ఆ కొవ్వు ఇక్కడ కూడబెట్టుకున్నదే. తలలు పైకెత్తడం మొదలైందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చారని, రెండడుగులు వెనక్కి వేయండి. ఫోనులో కూత వినిపించి పిలవడం, డ్రోను ఎగరేయడం రెండూ వద్దు. అభయారణ్యంలో అనుమతి లేకుండా డ్రోను ఎగరేస్తే కేసు అవుతుంది.

చూసినవి రాసి పెట్టండి. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించేటప్పుడు వంతెనకు ఒక జాబితా, మేటలకు ఒకటి, పొలాలకు ఒకటి విడిగా చేయండి. వ్యాఖ్య దగ్గర పోటు ఎన్నింటికో, మీరు చూసినప్పుడు నీరు ఎక్కుతోందా దిగుతోందా అన్నది రాయండి. అది లేకపోతే 'సున్నా' అని రాసిన లెక్కకూ 'మూడు వందలు' అని రాసిన లెక్కకూ తేడా ఎందుకొచ్చిందో తర్వాత చూసేవాళ్ళకు తెలియదు. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకు కూడా ఇలాంటి నోటే కావాలి. పెద్ద గుంపును లెక్కపెట్టాలంటే ముందు పది పక్షులు లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టాయో చూసి, అలాంటి ముక్కలెన్నో కొలవండి. గుర్తు తెలియనివాటికి పేరు ఊహించి రాయకండి, 'శాండ్ ప్లోవర్, ఏ జాతో తెలియదు, సుమారు 40' అని రాస్తే అది పూర్తిగా పనికొచ్చే లెక్కే.